స్లాబుకి ఇనుము: "ఏ కంపెనీదైనా ఒకటే" అంటున్నాడు కాంట్రాక్టరు, నిజమేనా?

కాకినాడ_కొత్తిల్లు
కాకినాడ దగ్గర జీ ప్లస్ వన్ కడుతున్నాం. పునాదులు అయిపోయాయి, పిల్లర్లు లేస్తున్నాయి, ఇంకో ఇరవై రోజుల్లో మొదటి స్లాబ్. పునాదులకు విశాఖ స్టీల్ వాడాం. పోయిన వారం నేను ఊళ్లో లేనప్పుడు కాంట్రాక్టరు వేరే రాడ్లు దింపించాడు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. అడిగితే, "సార్, ఇనుము ఇనుమే. పాతది ఫైవ్ హండ్రెడ్, ఇది ఫైవ్ ఫిఫ్టీ, అంటే ఇదే గట్టిది. పైగా కిలోకి ఆరు రూపాయలు తక్కువ" అంటున్నాడు. మేస్త్రీని పక్కకి పిలిచి అడిగితే "నాకెందుకు సార్ ఆ గొడవ" అని తల దించుకున్నాడు. అక్కడి నుంచి నాకు నిద్ర లేదు. ఇది మా నాన్న రిటైర్మెంట్ డబ్బు. పెద్ద ఫ్యాక్టరీ ఇనుముకీ ఈ ఇనుముకీ అసలు తేడా ఎక్కడ వస్తుంది? మనలాంటి వాళ్లం ఎలా కనిపెట్టాలి?

సెంట్రింగ్_సుబ్బు
మేస్త్రీ తల దించుకున్నాడంటేనే సగం జవాబు వచ్చేసింది.

నాలుగంతస్తుల_నాయుడు
అంత కంగారు అక్కర్లేదు. మేం 12 ఏళ్ల కింద నాలుగంతస్తులు మొత్తం లోకల్ ఇనుముతోనే కట్టాం. ఇంతవరకు వెంట్రుకంత బీట లేదు. పేరుకి డబ్బు పోయడం తప్ప తేడా ఏమీ ఉండదు.

సివిల్_శిరీష
నాయుడు గారూ, మీ ఇల్లు బాగుండడం సంతోషమే, కానీ అది రుజువు కాదు. మామూలు రోజుల్లో స్లాబ్ మీద పడే బరువు, డిజైన్‌లో లెక్కేసిన బరువు కంటే చాలా తక్కువ ఉంటుంది. ఇనుము అసలు పని బయటపడేది భూమి కదిలినప్పుడు, పునాది ఒక పక్క కుంగినప్పుడు.

కాకినాడ గారూ, 500, 550 అనే అంకెలు ఎంత లాగితే కడ్డీ శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుందో చెబుతాయి. చదరపు మిల్లీమీటరుకి అన్ని న్యూటన్లు. ఆ అంకె పెరిగితే ఇల్లు గట్టిపడినట్టు కాదు. తెగే ముందు ఎంత సాగుతుందన్నది కూడా చూడాలి. కడ్డీలకు మన దేశంలో ఉన్న స్టాండర్డ్ ఐఎస్ 1786 ప్రకారం 500కి కనీసం 12 శాతం సాగుదల ఉండాలి, 550కి 10 శాతం చాలు, 500డికి 16 శాతం ఉండాలి. ఆ 'డి' అక్షరం సాగే గుణానికి గుర్తు. సాగే ఇనుము ఉన్న ఇల్లు కూలే ముందు వంగుతుంది, బీటలిచ్చి హెచ్చరిస్తుంది, లోపలి మనుషులు బయటికి పరిగెత్తే టైమ్ ఇస్తుంది. సాగని ఇనుము ఆ టైమ్ ఇవ్వదు. మీ డ్రాయింగ్ మీద ఏ గ్రేడ్ రాసి ఉందో ముందు అది చూడండి.

కాకినాడ_కొత్తిల్లు
డ్రాయింగ్ మీద ఎఫ్ఈ 500డి అని ఉంది శిరీష గారూ. ఇప్పుడు దింపిన రాడ్ల మీద 550 అని మాత్రమే ఉంది, 'డి' లేదు.

సివిల్_శిరీష
అయితే డ్రాయింగ్ ప్రకారం ఆ లోడు అక్కడ ఉండకూడదు. డిజైన్ చేసిన ఇంజనీరుకి ఇవాళే ఫోన్ చేయండి.

పక్కా_లెక్క
గ్రేడ్ సంగతి అటుంచి ముందు తూకం చూడండి. అర్ధగంట పని. 12 ఎంఎం రాడ్‌లోంచి సరిగ్గా మీటరు ముక్క కోయించి కూరగాయల కాటాలో పెట్టండి. ఎంత ఉండాలో తేలిగ్గా లెక్కేయొచ్చు: ఎంఎంని ఎంఎంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు వస్తాయి. 12 ఎంఎం అయితే 888 గ్రాములు, 8 ఎంఎం 395, 10 ఎంఎం 617, 16 ఎంఎం 1 కిలో 580 గ్రాములు. కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. మొత్తం లాట్ మీద 10 ఎంఎం వరకు 7 శాతం, ఆ పైన 16 వరకు 5 శాతం, అంతకంటే లావు వాటికి 3 శాతం తేడాని స్టాండర్డ్ ఒప్పుకుంటుంది.

ఇంకో మాట. మీకు అమ్మింది కాటా మీదా, రాడ్ల లెక్క మీదా? రాడ్ల లెక్క అయితే తేలిక రాడ్లు కొన్నప్పుడే డబ్బు పోయినట్టు. కాటా మీద అయితే డబ్బు పోదు, కానీ పిల్లర్‌లో ఇనుము తగ్గుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే బిల్లులో ఎక్కడా కనపడదు.

సెంట్రింగ్_సుబ్బు
లెక్క గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను పద్నాలుగేళ్లు రాడ్ బెండింగ్ చేశా. రాడ్ భుజాన వేసుకోగానే తేలికో బరువో తెలిసిపోతుంది. రింగులు వంచేటప్పుడు మంచి రాడ్ ఒకే తీరుగా వంగుతుంది. కొన్ని రాడ్లు ఒక చోట మెత్తగా, జానెడు పక్కన మొండిగా ఉంటాయి. ఒకసారి 16 ఎంఎం రాడ్ ఎల్ వంపు తిప్పుతుంటే టప్పున విరిగి నా మోచేతికి తగిలింది. ఎవరి సరుకో ఇప్పుడనవసరం. కుట్లు ఏడు పడ్డాయి.

రోలింగ్_తాతయ్య
నేను విశాఖ ప్లాంటులో రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాను. అడిగిన ప్రశ్న తేడా ఎక్కడ వస్తుందని, కాబట్టి మొదటి నుంచి చెప్పాలి. ఓపికుంటే చదవండి.

బైలదిల్లా కొండల్లో తవ్విన ఎర్ర రాయి కొత్తవలస కిరండూల్ రైలు మార్గంలో దిగి వస్తుంది. ఆ రాయిలో ఇనుము ఆక్సిజన్‌తో పెనవేసుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి బొగ్గు కావాలి. మామూలు బొగ్గు పనికిరాదు. గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల పైన దాదాపు రోజంతా కాల్చి కోక్ చేస్తారు. రాయి, కోక్, సున్నపురాయి బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి పొరలు పొరలుగా పోస్తుంటే, కింద నుంచి కణకణలాడే వేడి గాలి కొడుతుంటారు. కోక్ మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, అది రాయిలోని ఆక్సిజన్‌ని లాక్కుపోతుంది. ఇనుము కరిగి అడుగుకి చేరుతుంది. దాని మీద చిట్టెం, అంటే కరిగిన మలినాల తెట్టు, తేలుతుంది.

కరిగిన ఇనుము బయటికి వదిలే రంధ్రం, ట్యాప్ హోల్, తెరిచేటప్పుడు ఒక్కసారి చూసిన వాళ్లు జీవితంలో మర్చిపోలేరు. డ్రిల్లు మట్టిని తొలుచుకుంటూ పోతుంది, ముందు సన్నగా నిప్పురవ్వలు, తర్వాత ఒక్క ఊపున తెల్లటి వెలుగు. చూడ్డానికి నీళ్లంత పలచగా కాలవలో పారిపోతుంది, కానీ అది 1,400 డిగ్రీలు దాటిన ఇనుము. పని అయ్యాక మడ్ గన్‌తో మట్టి దట్టించి రంధ్రం మూసేస్తారు. పండగ లేదు, తుఫాను లేదు, రోజూ ఇదే వరస.

ఇలా వచ్చింది ఇంకా ఉక్కు కాదు. అందులో 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది. సుత్తితో కొడితే పగులుతుంది. దాన్ని కన్వర్టర్‌లో పోసి పైనుంచి గొట్టంతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఊదుతారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో కార్బన్ కాలిపోతుంది. వేసిన సున్నం ఫాస్ఫరస్‌ని పట్టుకుని చిట్టెంలోకి లాగేస్తుంది. మీ ఇంటి ఇనుము గుణం సగం ఇక్కడే ఖాయమవుతుంది. ఫాస్ఫరస్, గంధకం మిగిలితే కడ్డీ పెళుసుగా తయారవుతుంది. ఫైవ్ హండ్రెడ్‌లో ఒక్కోటి 0.055 శాతం వరకు ఒప్పుకుంటారు, డి గ్రేడ్‌లో 0.040కి మించకూడదు.

మిగతా సగం మా మిల్లులో. ఎర్రగా కాలిన కడ్డీ ఆఖరి స్టాండ్ నుంచి రాగానే నీళ్ల గొట్టాల్లోంచి దూసుకుపోతుంది. క్షణంలో పై చర్మం నల్లబడి గట్టిపడుతుంది. కానీ లోపల గుజ్జు ఇంకా ఎర్రగానే ఉంటుంది. బయటికొచ్చి కూలింగ్ బెడ్ మీద పడ్డాక చూడండి, ఆ నల్లటి కడ్డీ మీద మళ్లీ సన్నగా ఎరుపు తేలుతుంది. లోపలి వేడి బయటికి పొంగి, గట్టిపడ్డ చర్మానికి పెళుసుతనం పోగొట్టి పదును పెడుతుంది. పైన గట్టిది, లోపల సాగేది, రెండూ ఒకే కడ్డీలో. టీఎంటీ అంటే అంతే. నీళ్ల ఒత్తిడి కాస్త తగ్గినా, స్పీడు కాస్త మారినా ఆ చర్మం ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా వస్తుంది. సుబ్బు గారు చెప్పిన "ఒక చోట మెత్తగా, ఒక చోట మొండిగా" అనేదానికి నా ఊహలో కారణం ఇదే.

కాకినాడ_కొత్తిల్లు
తాతయ్య గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన మళ్లీ చదవమన్నారు.

నాలుగంతస్తుల_నాయుడు
బాగా చెప్పారు. మరి చిన్న ఫ్యాక్టరీల వాళ్లు కూడా టీఎంటీయే అంటారు, నీళ్ల గొట్టాలు వాళ్లకీ ఉంటాయి. తేడా ఏమిటి?

రోలింగ్_తాతయ్య
నీళ్ల గొట్టాలు ఉంటాయి నాయుడు గారూ. ఇనుము ఎక్కడి నుంచి వచ్చిందన్నదే తేడా. చిన్నవాటిలో చాలావరకు ఇండక్షన్ ఫర్నేస్‌లు. కరెంటుతో తుక్కునీ, స్పాంజ్ ఐరన్‌నీ (రాయిని కరిగించకుండానే ఆక్సిజన్ తీసేసిన ఇనుము) కరిగిస్తాయి. అక్కడ ఆక్సిజన్ ఊదడం ఉండదు, మలినాల్ని తీసే ఏర్పాటు తక్కువ. రాళ్లు ఏరకుండా బియ్యం వండితే అన్నంలో రాళ్లే వస్తాయి కదా. పక్కన లాడిల్ ఫర్నేస్ పెట్టుకుని శుద్ధి చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల సరుకు బాగానే ఉంటుంది. అసలు కరిగించకుండా, పాత ఇనుము కాల్చి కొత్త కడ్డీగా సాగదీసే వాళ్లూ ఉన్నారు. దాని జోలికి మాత్రం పోకండి.

పాతినుము_పటాన్‌చెరు
తుక్కు అనగానే అందరూ ముక్కు మూసుకుంటున్నారు కాబట్టి రాస్తున్నా. నాది తుక్కు వ్యాపారమే, మా నాన్న నుంచి వచ్చింది. తుక్కులో వంద రకాలుంటాయి. ఫ్యాక్టరీల్లో ప్రెస్సింగ్‌లో మిగిలిన కొత్త రేకు ముక్కలు బంగారం లాంటివి. రైలు పట్టాలు, పాత బీములు మంచివి. తగరం పూత డబ్బాలు, మోటారు లోపలి రాగి తీగ తీయని తుక్కు చెడ్డవి. మేం ఏరి, వేరు చేసి, రేటు వేరుగా కట్టి పంపుతాం. ఏరిన తుక్కు కొనాలంటే ఎక్కువ పెట్టాలి. తక్కువకి కొని అన్నీ కలిపి కరిగిస్తే ఆ పాపం తుక్కుది కాదు, కొన్నవాడిది.

ఒంగోలు_టు_ఒహాయో
పటాన్‌చెరు గారితో నూరు శాతం ఏకీభవిస్తున్నా. నేను ఇక్కడ మెటలర్జిస్టుని. అమెరికాలో తయారయ్యే ఉక్కులో దాదాపు 70 శాతం తుక్కు నుంచే వస్తుంది, ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లలో. ఇక్కడి వంతెనలు, ఆకాశహర్మ్యాలు దాంతోనే కడతారు. తాతయ్య గారి మాటకి చిన్న సవరణ: ఆర్క్ ఫర్నేస్‌లో ఆక్సిజన్ ఊదుతారు, సున్నం వేస్తారు, చిట్టెం తీస్తారు. కాబట్టి ఫాస్ఫరస్ తగ్గించొచ్చు. ఇండక్షన్ ఫర్నేస్‌కి ఆ సౌకర్యం లేదు. "తుక్కు ఉక్కు" అని రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

కానీ రాగి విషయంలో మాత్రం ఎవరి ఫర్నేస్ అయినా చేతులెత్తేయాల్సిందే. ఒకసారి కరిగిన ఉక్కులో కలిశాక ఆక్సిజన్‌తో పోదు, ఎందుకంటే ఇనుము కంటే రాగి ఆక్సిజన్‌తో కలవడానికి ఇష్టపడదు. రోలింగ్‌లో ఉపరితలం మీద పగుళ్లు తెస్తుంది. అందుకే కరిగించక ముందే ఏరాలి.

పర్యావరణం సంగతి కూడా చూడాలి. బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో టన్ను ఉక్కుకి అటూ ఇటుగా రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. తుక్కు దారిలో అందులో చిన్న వంతే. లోకంలో ఏటా 180 కోట్ల టన్నులకు పైగా ఉక్కు తయారవుతోంది, సగానికి పైగా చైనాలోనే. 2018 నుంచి రెండో స్థానం మనది. ఇంత పెద్ద పరిశ్రమని రాయి, బొగ్గు మీదే ఎల్లకాలం నడపలేం.

రోలింగ్_తాతయ్య
సవరణ ఒప్పుకుంటున్నా బాబూ. ఆర్క్ ఫర్నేస్‌ని ఇండక్షన్‌తో కలపకూడదు. కానీ మన దేశంలో ఇంకా కట్టాల్సిన ఇళ్లు, వంతెనలు ఎన్నో ఉన్నాయి. అమెరికాలో ఉన్నంత పాత ఇనుము మన దగ్గర పోగుపడలేదు. ఉన్నది కరిగించుకోవాలంటే ముందు ఉండాలి కదా. అందాకా రాయి కరిగించక తప్పదు.

పాతినుము_పటాన్‌చెరు
అది కూడా నిజమే. మంచి తుక్కు కోసం ఇప్పుడు ఓడల్లో తెప్పించుకునే పరిస్థితి.

ఇందూరు_బిడ్డ
రాయి కరిగించే మాట వచ్చింది కాబట్టి మా దిక్కు సంగతి ఒకటి. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అని ఊరుంది. ఈ ఫర్నేస్‌లు పుట్టక ముందే అక్కడి కమ్మరోళ్లు లోకంలో పేరున్న ఉక్కు చేసిండ్రు. ఇనుము ముక్కల్ని మట్టి మూసలో పెట్టి, మూత మూసి మట్టితో అతికి, కొలిమిలో తిత్తులు కొడుతూ గంటల తరబడి కాచేటోళ్లు. మూస నిదానంగా చల్లారినాక పగలగొడితే లోపల ఉక్కు ముద్ద. ఇరాన్ వర్తకులు ఆ ముద్దల కోసం అంత దూరం నుంచి వచ్చేటోళ్లు. డమాస్కస్ కత్తులని లోకమంతా చెప్పుకునే వాటికి ఇసొంటి ఉక్కే మూలం. ఇంగ్లీషోళ్లు దాన్ని 'వుట్జ్' అన్నరు. మన 'ఉక్కు' మాటే వాళ్ల నోట్ల అట్ల తిరిగిందని చెప్తరు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో దాని మీద వ్యాసం చదివిండు, తర్వాత మైకేల్ ఫారడే కూడా ఆ రహస్యం కోసం ప్రయోగాలు చేసిండు.

మా అమ్మమ్మ ఊరు ఆ పక్కనే. చిన్నప్పుడు చేన్ల మక్కలు ఏరుతుంటే కాళ్లకు నల్లటి బరువు రాళ్లు తగిలేవి, గాజులెక్క మెరిసేవి. విసిరి ఆడుకునేటోళ్లం. అవి చిట్టెం అని పెద్దగైనాక తెలిసింది. మా ఇంట్ల ఇప్పటికీ ఒకటుంది, టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటా.

నాలుగంతస్తుల_నాయుడు
కాకినాడ స్లాబ్ నుంచి డమాస్కస్ కత్తి దాకా వచ్చాం 🙂 కానీ ఇది నాకు తెలీదు, బాగుంది.

ఒంగోలు_టు_ఒహాయో
ఇందూరు బిడ్డ చెప్పిన మూస ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దరిదాపుల్లో ఉండేది. మన ఇంటి కడ్డీలో గ్రేడుని బట్టి 0.25, 0.30 శాతం దాటకూడదు. కత్తికి పదును నిలవాలి, కడ్డీ సాగాలి, వెల్డింగ్‌కి ఒప్పుకోవాలి. ఒకే ఇనుములో కార్బన్ కొంచెం అటూ ఇటూ మార్చి ఇన్ని పనులకి వాడుకుంటున్నాం. చదువుకునే రోజుల నుంచీ నాకు ఇదే పెద్ద ఆశ్చర్యం.

గాజువాక_గౌరి
తాతయ్య గారి పోస్టు రెండుసార్లు చదివాను. మాది ఆర్ కార్డ్ కుటుంబం, అంటే ప్లాంటు కోసం భూమి పోయిన నిర్వాసితులం. మా తాతల ఊరు ఇప్పుడు ప్లాంటు గోడ లోపల ఉంది. మా నాయనమ్మ ఉన్నన్నాళ్లూ కూర్మన్నపాలెం గేటు ముందు బస్సు ఆగితే కిటికీలోంచి చెయ్యి చాచి "అదిగో, మన చింతచెట్లు అటువైపే ఉండేవి" అనేది. అక్కడ చెట్టు లేదు, చిమ్నీలే కనపడేవి. ఆమెకి మాత్రం చింతచెట్లే కనపడేవి.

1966లో విశాఖలో ఉక్కు ప్లాంటు కావాలని అమృతరావు గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటిస్తే, 1971 జనవరిలో శంకుస్థాపన, జాతికి అంకితమైంది 1992 ఆగస్టు 1న, పీవీ చేతుల మీదుగా. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని గోడల మీద రాసిన కుర్రాళ్లకి అప్పటికి తల నెరిసింది. ఫర్నేస్‌ల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. కాకినాడ గారూ, మీ పునాదిలో ఉన్న కడ్డీ ఆ మూడింట్లో ఏదో ఒకదాన్లోంచి కరిగి వచ్చింది. నేను అమ్మకానికి చెప్పడం లేదు. ఆ పునాది మీద నిలబడే ఇంటికి అంతకు తగ్గ ఇనుమే పెట్టండని అడుగుతున్నా.

పక్కా_లెక్క
గౌరి గారూ, మీ నాయనమ్మ గారి మాట చదివి కాసేపు ఆగిపోయాను. అయినా ఒకటి చెప్పాలి. సెంటిమెంటు చూసి ఇనుము కొనకూడదు, సర్టిఫికెట్ చూసి కొనాలి. ఇంత పెద్ద ప్లాంటు, సముద్రం పక్కనే ఉంది, మరి కష్టాల్లో ఎందుకు పడింది?

రోలింగ్_తాతయ్య
ముఖ్యమైన కారణం సొంత గనులు లేకపోవడం. టాటా వాళ్లకి 1907లో కంపెనీ పెట్టినప్పటి నుంచీ ఖనిజం చేతికందే దూరంలో ఉంది, ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్‌కి గనులున్నాయి. విశాఖ ప్రతి టన్ను ఖనిజం బయట కొనాలి. టన్ను ఉక్కుకి టన్నున్నర దాకా ఖనిజం, ముప్పాతిక టన్ను కోకింగ్ బొగ్గు కావాలి. మన బొగ్గులో బూడిద ఎక్కువ, కోక్‌కి సరిపడదు. అందుకే ఆస్ట్రేలియా లాంటి చోట్ల నుంచి ఓడల్లో వస్తుంది. అక్కడ ధర ఎగిరితే ఇక్కడ గుండె ఆగుతుంది. దానికి తోడు విస్తరణ అప్పుల వడ్డీ. 2021 జనవరిలో కేంద్రం వాళ్లు వంద శాతం వాటా అమ్మేస్తామన్నారు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. గనుల సంగతి మాత్రం అలాగే ఉంది.

పని రాకపోతే మిషన్ ఆపేసి తాళం వేసుకుని వెళ్లే ఫ్యాక్టరీ కాదు ఇది. బ్లాస్ట్ ఫర్నేస్‌ని అదాటున చల్లారనిస్తే అడుగున ఇనుము గడ్డకట్టుకుపోతుంది, మళ్లీ వెలిగించడం మహా యజ్ఞం. అందుకే ముడిసరుకు తగ్గిందన్న వార్త వింటే రిటైరైనా మాకు అన్నం సహించదు.

నాలుగంతస్తుల_నాయుడు
కడప, ఖమ్మం జిల్లాల్లో ప్లాంట్ల సాధ్యాసాధ్యాలు చూడాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. బయ్యారంలో రాయి ఉందని అప్పట్నుంచీ వింటున్నాం. ఉన్నదానికి గని ఇవ్వకుండా కొత్తవి ఎలా వస్తాయి?

ఒంగోలు_టు_ఒహాయో
రాయి ఉన్నంత మాత్రాన చాలదు, అందులో ఇనుము శాతం చూడాలి. బైలదిల్లా రాయి మంచి గ్రేడ్. తక్కువ గ్రేడ్ రాయిని పొడి చేసి, శుద్ధి చేసి, ఉండలు కట్టి వాడొచ్చు కానీ ఖర్చు పెరుగుతుంది. దాని మీద వేరే థ్రెడ్ పెట్టండి, వస్తాను.

కాకినాడ_కొత్తిల్లు
అప్‌డేట్. ఇవాళ మీటరు ముక్కలు కోయించాను. మా వీధి చివర కూరగాయల ఆవిడ కాటా ఇచ్చింది, ఇనుముతో వచ్చినందుకు నవ్వింది. 8 ఎంఎం 372 గ్రాములు. 12 ఎంఎం 810. మూడు వేర్వేరు కట్టల్లోంచి కోసి చూశాం, 12 ఎంఎం మూడూ 805, 815 మధ్యే.

పక్కా_లెక్క
8 ఎంఎం దాదాపు 6 శాతం తక్కువ, హద్దులోనే ఉంది. 12 ఎంఎం 9 శాతం తక్కువ. ఒప్పుకునేది 5. ఇక ఆలోచించక్కర్లేదు.

సివిల్_శిరీష
ఇంకోలా చెబుతా. 12 ఎంఎం కడ్డీ అడ్డుకోత వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు అనుకుని డిజైన్ చేస్తాం. మీ దగ్గర ఉన్నది 103. ప్రతి పదకొండు రాడ్లలో ఒకటి లేనట్టే. 8 ఎంఎం తూకం సరిపోయినా టెస్ట్ సర్టిఫికెట్ లేకుండా ఉంచొద్దు. కట్టకి కట్టిన రేకు ట్యాగ్ మీద హీట్ నంబరు, అంటే ఒక విడతలో కరిగించిన ఉక్కుకి ఇచ్చే నంబరు, ఉంటుంది, సర్టిఫికెట్ మీద నంబరు దానితో కలవాలి. ఈ రాడ్లు ఇప్పటికే ఎక్కడైనా కట్టేశారా?

కాకినాడ_కొత్తిల్లు
మూడు పిల్లర్లకి కట్టారు. రెండింటికి ఇంకా కాంక్రీటు పోయలేదు. మెట్ల పక్క పిల్లర్‌కి పోసేశారు. ఇది రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

సివిల్_శిరీష
పోయని రెండూ విప్పించేయండి. పోసిన దాని గురించి భయపడకండి, దారి ఉంటుంది. డిజైన్ ఇంజనీరుకి ఈ తూకాలు చూపించండి, అసలు బరువు ఎంత పడుతుందో ఆయన లెక్క వేస్తారు.

సెంట్రింగ్_సుబ్బు
కొత్త లోడు వచ్చాక ఇంకో రెండు చూసుకోండి. రాడ్ మీద పలచటి గోధుమ రంగు తుప్పు ఉంటే ఫర్వాలేదు, గోనెతో తుడిస్తే పోతుంది. గోరు దిగేంత గుంటలు ఉంటే వద్దు. వంపు తప్పైతే వెనక్కి వంచి మళ్లీ వాడనివ్వకండి. వంచలేక పొయ్యిలో కాల్చి వంచుతామంటే అస్సలు ఒప్పుకోకండి. తాతయ్య గారు చెప్పిన ఆ చర్మం గుణం పోతుంది.

సివిల్_శిరీష
సముద్రానికి దగ్గర కాబట్టి కవర్ బ్లాకులు కూడా చూసుకోండి. ఇనుము పైన ఉండాల్సిన కాంక్రీటు మందాన్ని (కవర్) నిలబెట్టే దిమ్మలు అవి. ఉప్పు గాలి నేరుగా తగిలే చోట 45 ఎంఎం కవర్ ఉండాలి. ఎంత మంచి ఇనుమైనా పైన కాంక్రీటు పలచగా ఉంటే ఉప్పు లోపలికి దిగి తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటునే పగలగొడుతుంది. కంకర రాళ్లు పెట్టి కవర్ అనిపిస్తారు, ఒప్పుకోవద్దు.

గాజువాక_గౌరి
కాంట్రాక్టరు ఏమన్నాడు?

కాకినాడ_కొత్తిల్లు
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నా. మొదట ఒప్పుకోలేదు. కాటా, మీటరు ముక్క తెచ్చి అతని ముందే తూచాను. నాన్న పక్కనే కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు, అలా చూస్తూ ఉన్నారు. లారీ పిలిపించి మొత్తం వెనక్కి పంపాడు. రెండు పిల్లర్లు విప్పించాం. మేస్త్రీ ఆ రోజు సాయంత్రం వచ్చి "మంచి పని చేశారు సార్" అని చెప్పి వెళ్లాడు.

నిన్న 500డి లోడు దిగింది. ట్యాగ్ మీద హీట్ నంబరు సర్టిఫికెట్‌తో కలిసింది. 12 ఎంఎం మీటరు ముక్క 881 గ్రాములు. కూరగాయల ఆవిడే ముందు అంకె చదివి "ఈసారి సరిపోయిందా బాబూ" అంది. స్లాబ్ రెండు వారాలు వెనక్కి వెళ్లింది, ఫర్వాలేదు.

మెట్ల పక్క పిల్లర్ చూడ్డానికి ఇంజనీరు గారు వచ్చారు. పడగొట్టక్కర్లేదు, చుట్టూ కొత్త ఇనుము కట్టి జాకెటింగ్ చేద్దామన్నారు. ఇక్కడ ఎవరైనా చేయించారా? పాత కాంక్రీటు పై పొరని ఎంత లోతు చెక్కాలి? కొత్త రాడ్లని పునాదిలోకి ఎలా దించారు?

సివిల్_శిరీష
ఆ పిల్లర్ ఫొటో, దాని కొలతలు, డ్రాయింగ్‌లో ఆ భాగం ఇక్కడే పెట్టండి. రాత్రికి చూసి రాస్తాను.